తాళం వేసిన ట్రాఫిక్‌ను నెట్‌వర్క్ ఎలా నడిపిస్తుంది?

2020 మార్చి 24 రాత్రి ప్రధాని దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటించారు. అదే రోజు జరిగిన మరో నిర్ణయాన్ని ఆ హడావుడిలో ఎక్కువమంది గమనించలేదు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్, హాట్‌స్టార్, గూగుల్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, సోనీ, జీ తదితర సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌ల మీద 480పీకి మించిన నాణ్యతతో వీడియో ఇవ్వబోమని, ఏప్రిల్ 14 వరకు ఇదే పద్ధతి పాటిస్తామని స్వచ్ఛందంగా ప్రకటించాయి. టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ అంతకు ముందే ప్రభుత్వానికి మొరపెట్టుకుంది. జనమంతా ఇళ్లలో కూర్చుంటే ట్రాఫిక్ తట్టుకోలేమని, వీడియో కంపెనీలు నాణ్యత తగ్గించుకునేలా చూడాలని కోరింది. యూరప్‌లో అప్పటికే ఇలాంటిదే జరిగింది. యూరోపియన్ కమిషనర్ థియెరీ బ్రెటన్ అడగ్గా నెట్‌ఫ్లిక్స్ 30 రోజుల పాటు అక్కడ బిట్ రేటు తగ్గించింది.

టవర్లు, కేబుళ్లు, రౌటర్లు అన్నీ టెలికాం కంపెనీలవే. తమ సొంత గొట్టంలో పారే వీడియోను తగ్గించుకోవడానికి వాళ్లు వేరే కంపెనీలను ఎందుకు బతిమాలాల్సి వచ్చింది? జవాబులో సగం చట్టానికి సంబంధించింది, దాని సంగతి చివర్లో చూద్దాం. మిగతా సగం సాంకేతికం. ఆ వీడియో ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. దాన్ని మధ్యలో విప్పి, చిన్నది చేసి పంపే దారి టెలికాం కంపెనీ చేతిలో లేదు.

ముందుగా ఒక మాట. ‘క్వాలిటీ ఆఫ్ సర్వీస్’ అనే పదాన్ని మన దగ్గర రెండు అర్థాల్లో వాడుతున్నాం. ట్రాయ్ ఆ మాట అన్నప్పుడు కాల్ డ్రాప్‌లు, డౌన్‌లోడ్ వేగం వంటి ప్రమాణాలు గుర్తుకొస్తాయి. నెట్‌వర్క్ ఇంజినీర్లకు దాని అర్థం ఇంకా చిన్నది: లైను నిండిపోయినప్పుడు ఏ ప్యాకెట్‌ను ముందు పంపాలి, దేన్ని ఆపాలి, దేన్ని పారేయాలి. ఈ వ్యాసం రెండో అర్థం గురించి. లైను ఖాళీగా ఉన్నంతసేపు ఈ ప్రశ్న తలెత్తదు. నిండినప్పుడు మాత్రం ఎవరో ఒకరు ఆగాలి, ఎవరు ఆగాలో నిర్ణయించాలంటే ఎవరు ఏమిటో తెలియాలి. ఎన్‌క్రిప్షన్ దెబ్బ కొట్టింది సరిగ్గా అక్కడే.

కవరు మీద మిగిలింది

2013కు ముందు వెబ్ ట్రాఫిక్‌లో అధిక భాగం పోస్టుకార్డులా తెరిచే ఉండేది. ఇంటర్నెట్ కంపెనీలు ప్యాకెట్ లోపలి దాకా చదివే యంత్రాలు పెట్టుకునేవి. ఏది వీడియో, ఏది టొరెంట్, ఏది మెయిల్ అని విడదీసేవి. కొన్ని మొబైల్ కంపెనీలైతే వీడియోను దారిలోనే పట్టుకుని, మళ్లీ కుదించి ఫోన్‌కు పంపేవి. ఎక్కువమంది అడిగే ఫైళ్లను తమ దగ్గరే దాచి అక్కడి నుంచే ఇచ్చేవి.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రాలు బయటికొచ్చాక ఈ పరిస్థితి మారింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2014 మేలో, మూకుమ్మడి నిఘాను దాడిగానే పరిగణిస్తామని ఆర్‌ఎఫ్‌సీ 7258లో తేల్చి చెప్పింది. 2015 డిసెంబర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచిత సర్టిఫికెట్లను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ పూర్తిగా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌కు మారింది. 2018 ఆగస్టులో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 సర్వర్ పంపే సర్టిఫికెట్‌ను కూడా కప్పేసింది. దానికి నెల ముందు ఆర్‌ఎఫ్‌సీ 8404 పేరుతో వచ్చిన పత్రం నెట్‌వర్క్ నడిపేవాళ్ల కష్టాల చిట్టా వంటిది. ఎన్‌క్రిప్షన్ వల్ల తమకు ఏ పనులు ఆగిపోతున్నాయో అందులో వరసగా రాశారు.

2021 మేలో క్విక్ ప్రొటోకాల్ ఆర్‌ఎఫ్‌సీ 9000గా ప్రమాణమైంది. ఇది ఇంకో అడుగు ముందుకేసింది. పాత టీసీపీలో సమాచారం దాగినా ప్యాకెట్ల వరస సంఖ్యలు, అందినట్టు వచ్చే రసీదులు బయటికి కనిపించేవి. వాటిని చూసి ఎంత ఆలస్యమవుతోందో, ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో మధ్యలోని ఇంజినీర్ లెక్క కట్టగలిగేవాడు. క్విక్‌లో అవి కూడా లోపలికి వెళ్లిపోయాయి. ఇంజినీర్ల గోల భరించలేక ‘స్పిన్ బిట్’ అని ఒకే ఒక్క బిట్‌ను బయట ఉంచారు. అది ప్యాకెట్ పోయి రావడానికి పట్టే సమయాన్ని తెలుపుతుంది. అది కూడా ఐచ్ఛికం. పెట్టినవాళ్లు సైతం కనీసం 16 దారుల్లో ఒకదానిలో దాన్ని ఆపేయాలని నిబంధన. ఆపినవాళ్లు జనంలో ప్రత్యేకంగా కనబడకూడదని ఆ ఏర్పాటు.

ఇంతా పోయాక కవరు మీద ఏం మిగిలింది? ఎక్కడి నుంచి ఎక్కడికి అనే ఐపీ చిరునామాలు, ప్యాకెట్ సైజు, వచ్చిన సమయం. కనెక్షన్ మొదట్లో అడిగే వెబ్‌సైట్ పేరు. దీన్ని ఎస్‌ఎన్‌ఐ అంటారు, చాలా చోట్ల ఇప్పటికీ తెరిచే ఉంటోంది. వీటితో పాటు ఐపీ హెడర్‌లో ఎనిమిది బిట్ల చిన్న గడి. అందులో ఆరు బిట్లు ప్రాధాన్య ముద్ర, దాని పేరు డీఎస్‌సీపీ. మిగతా రెండు రద్దీ సంకేతం, దాని పేరు ఈసీఎన్.

ఆఫీసు వీపీఎన్‌లో దాగిన చిక్కు

ఒక బ్యాంకు శాఖను ఊహించండి. హెడ్ ఆఫీసుకు ఐపీసెక్ సొరంగం ఉంది. ఫోన్ కాల్స్, ఖాతా లావాదేవీలు, రాత్రి బ్యాకప్ అన్నీ అందులోంచే పోతాయి. ఫోన్ ప్యాకెట్ల మీద ప్రాధాన్య ముద్ర 46 ఉంటుంది, అంటే ఆగకుండా ముందు పంపమని. కానీ సొరంగంలోకి దిగగానే ఆ ప్యాకెట్ మొత్తం, ముద్రతో సహా, ఇంకో కవరులోకి వెళ్లిపోతుంది. దారిలో ఉన్న రౌటర్‌కు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

దీనికి పరిష్కారం 2005లోనే ఆర్‌ఎఫ్‌సీ 4301లో ఉంది: లోపలి ముద్రను బయటి కవరు మీదకు కాపీ చేయవచ్చు. ఇక్కడే మొదటి బేరం మొదలవుతుంది. ముద్ర బయట పడిందంటే, ఈ శాఖ ఏ సమయంలో ఎంతసేపు ఫోన్‌లో మాట్లాడుతోందో దారిలో కాపు కాసినవాడికి తెలిసిపోతుంది. అందుకే వైర్‌గార్డ్ రూపకర్తలు వేరే దారి ఎంచుకున్నారు. అది డేటా ప్యాకెట్ల మీద బయటి ముద్రను సున్నా చేసేస్తుంది. రద్దీ సంకేతం రెండు బిట్లను మాత్రం పాటిస్తుంది. భద్రత కోణంలో అది సబబే. కాల్ నాణ్యత చూసుకోవాల్సిన ఆఫీసు ఇంజినీర్‌కు మాత్రం తలనొప్పి.

రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు గానీ పనిలో ఎదురైతే రోజులు తినేస్తుంది. ఐపీసెక్‌లో ప్రతి ప్యాకెట్‌కూ ఒక క్రమసంఖ్య ఉంటుంది. ఎవరైనా పాత ప్యాకెట్‌ను పట్టుకుని మళ్లీ పంపి మోసం చేయకుండా, అవతలి యంత్రం ఇటీవలి కొన్ని సంఖ్యల పరిధిలోవే తీసుకుంటుంది. సాధారణంగా ఆ పరిధి 64 ప్యాకెట్లు. ఇప్పుడు దారిలోని రౌటర్ తన పని తాను చక్కగా చేసిందనుకుందాం: ఫోన్ ప్యాకెట్లను ముందుకు పంపి, బ్యాకప్ ప్యాకెట్లను వరసలో నిలబెట్టింది. అవి చేరేసరికి ఫోన్ ప్యాకెట్ల సంఖ్యలు 64 దాటి ముందుకు వెళ్లిపోయాయి. అవతలి యంత్రం ఆలస్యంగా వచ్చిన నిజమైన ప్యాకెట్లను పాత సరుకుగా భావించి పారేస్తుంది. ప్రాధాన్యం ఇచ్చినందుకే నష్టం జరుగుతుంది. లైను బాగానే ఉంది, రౌటర్ బాగానే ఉంది, బ్యాకప్ మాత్రం నడవదు.

ఆర్‌ఎఫ్‌సీ 4301 ఈ ప్రమాదాన్ని ముందే చెప్పి, వేర్వేరు తరగతుల ట్రాఫిక్‌ను వేర్వేరు భద్రతా ఒప్పందాల కింద పంపమని సూచించింది. అప్పుడు ఒక్కో తరగతికి దాని లెక్క దానికే ఉంటుంది. అది కుదరకపోతే పరిధిని 64 నుంచి 1024కో అంతకు పైకో పెంచుతారు. ఇంకా మంచిది, ఎన్‌క్రిప్ట్ చేయకముందే వరస కట్టించడం. తాళం వేసే యంత్రానికి లోపల ఏముందో తెలుసు కాబట్టి, నిర్ణయం తీసుకోవడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

బ్యాండ్‌విడ్త్ లెక్క కూడా తారుమారవుతుంది. జీ.729 పద్ధతిలో ఫోన్ కాల్ ప్రతి 20 మిల్లీసెకన్లకూ 20 బైట్ల మాటను పంపుతుంది. హెడర్లు 40 బైట్లు కలిపి 60. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు, 24 కేబీపీఎస్. ఐపీసెక్ సొరంగం ఒక్కో ప్యాకెట్‌కు మరో 50, 60 బైట్లు తగిలిస్తే కాల్ బరువు దాదాపు రెట్టింపు. 1400 బైట్ల వీడియో ప్యాకెట్‌కు అదే భారం నాలుగు శాతం చుట్టూ ఉంటుంది, పెద్ద తేడా తెలియదు. చిన్న ప్యాకెట్లే ఎక్కువగా నష్టపోతాయి, సున్నితమైనవి కూడా అవే. ఎన్‌క్రిప్షన్‌కు ముందున్న సైజు చూసి లైను పంచితే, లెక్కలో సరిపోయింది లైనులో సరిపోదు. అప్పుడు సర్వీసు ఇచ్చే కంపెనీ యంత్రం గుడ్డిగా కోత వేస్తుంది, అందులో ఫోన్ ప్యాకెట్లూ పోతాయి.

ఇదంతా సొంత నెట్‌వర్క్‌లోనో, ఒప్పందం ఉన్న ఎంపీఎల్‌ఎస్ లైన్‌లోనో చెల్లుతుంది. మామూలు ఇంటర్నెట్‌లో ప్రాధాన్య ముద్రకు విలువ తక్కువ. కంపెనీ సరిహద్దు దాటగానే అవతలివాళ్లు దాన్ని చెరిపేయడం పరిపాటి.

జియో కాల్‌కు దొరికేది, వాట్సాప్ కాల్‌కు దొరకనిది

టవర్ రద్దీగా ఉన్నప్పుడు మామూలు 4జీ కాల్ స్పష్టంగా వినిపించి, అదే ఫోన్‌లో వాట్సాప్ కాల్ తెగుతూ వస్తుంది. ఎన్‌క్రిప్షన్ వల్లే అనుకుంటే పొరపాటు. 2016 సెప్టెంబర్‌లో జియో మొదలైనప్పటి నుంచి మనం వాడుతున్న వోల్టీ కాల్ కూడా టవర్ దాకా గాలిలో ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళుతుంది. తేడా ఎక్కడంటే, కాల్ మొదలవుతోందని వోల్టీ వ్యవస్థ నెట్‌వర్క్‌కు ముందే చెబుతుంది. నెట్‌వర్క్ దానికి క్యూసీఐ 1 అనే ప్రత్యేక దారి వేస్తుంది. అందులో బిట్ రేటుకు హామీ ఉంటుంది, ఆలస్యానికి 100 మిల్లీసెకన్ల పరిమితి ఉంటుంది. వాట్సాప్ కాల్ మాత్రం సాధారణంగా క్యూసీఐ 9 అనే అందరి దారిలో, పక్కవాడి రీల్స్‌తో కలిసి వెళుతుంది. ప్యాకెట్‌ను విప్పి చూడడానికీ దీనికీ సంబంధమే లేదు. అడిగే హక్కు ఎవరికుంది అన్నదే అసలు విషయం.

అదే టెలికాం కంపెనీ కాల్ వైఫై మీదకు వస్తే కథ తిరగబడుతుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగ్ తెచ్చాయి. ఇక్కడ ఫోన్ తన కంపెనీ గేట్‌వే దాకా ఐపీసెక్ సొరంగం వేసుకుంటుంది. ఇంట్లోని రౌటర్‌కు అది కాల్ అని తెలియదు. పక్క గదిలో ల్యాప్‌టాప్ ఫొటోలు అప్‌లోడ్ చేస్తుంటే కాల్ ఆ వరసలోనే నిలబడాలి. టవర్ మీద రాజాలా నడిచిన కాల్ ఇంటి వైఫై మీద మామూలు ప్యాకెట్ అయిపోతుంది.

ఊహించడం ఎంతవరకు?

లోపల చూడలేని కంపెనీలు బయటి గుర్తులతో ఊహించడం మొదలుపెట్టాయి. సులువైనది ఎస్‌ఎన్‌ఐ. అమెరికాలో టీ మొబైల్ 2015 నవంబర్‌లో ‘బింజ్ ఆన్’ తెచ్చి వీడియోను సుమారు 1.5 ఎంబీపీఎస్‌కు కట్టేసింది. ఆ తర్వాత నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ‘వీహీ’ అనే యాప్‌తో ఇలాంటి కోతలను కొలిచారు. అసలు యాప్ ట్రాఫిక్‌ను రికార్డు చేసి ఒకసారి ఉన్నదున్నట్టు, ఇంకోసారి లోపలి బైట్లను తారుమారు చేసి పంపుతారు. రెండింటి వేగంలో తేడా వస్తే కంపెనీ పేరు చూసి కోస్తోందని తెలిసిపోతుంది. అమెరికా మొబైల్ కంపెనీల్లో చాలావరకు వీడియోను అలాగే కోస్తున్నాయని 2019లో తేల్చారు. వేగం తగ్గిందని తెలిసిన వీడియో యాప్ తనంతట తానే 480పీకి దిగుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆ పని అయిపోతుంది.

మన దేశంలో ఎస్‌ఎన్‌ఐ వాడకం మరో రూపంలో బయటపడింది. జియో దాన్ని చూసి వెబ్‌సైట్లను ఆపుతోందని 2019లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు పరీక్షించి చూపారు. ట్రాఫిక్ నిర్వహణకు పనికొచ్చే కిటికీయే నిషేధానికీ పనికొస్తుంది. ఆ కిటికీని కూడా మూసే ఈసీహెచ్ పద్ధతికి 2023 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మద్దతు ఇస్తున్నాయి.

పేరు దొరక్కపోతే ఆకారం ఉంది. కాల్ అంటే చిన్న ప్యాకెట్లు ఒకే లయలో వస్తాయి. వీడియో కొన్ని సెకన్లకోసారి ఒక్క ఉదుటున వచ్చి ఆగుతుంది. డౌన్‌లోడ్ ఆగకుండా నిండుగా సాగుతుంది. వరస కట్టించడానికి ఇంత తెలిస్తే చాలని నా అభిప్రాయం. కానీ ఆకారం అక్కడితో ఆగదు. మాటను బట్టి బిట్ రేటు మార్చే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిన కాల్ ఏ భాషలో సాగుతోందో ప్యాకెట్ సైజులతోనే ఊహించవచ్చని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2007లో చూపారు. మరుసటి ఏడాది ముందే అనుకున్న కొన్ని పదబంధాలను కూడా పట్టారు. 2017లో అమెరికా సైనిక అకాడమీ పరిశోధకులు ఎన్‌క్రిప్ట్ అయిన నెట్‌ఫ్లిక్స్ ప్రవాహాన్ని చూసి ఏ వీడియో నడుస్తోందో గుర్తించారు.

దీనికి విరుగుడు ఉంది, ఖరీదైనది. 2023 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9347 ప్రకారం ఐపీసెక్ సొరంగం ఎప్పుడూ ఒకే సైజు ప్యాకెట్లను ఒకే వేగంతో పంపుతూ ఉండవచ్చు, లోపల పంపేదేమీ లేకపోయినా సరే. ఆకారమే లేకుండా పోతుంది. బ్యాండ్‌విడ్త్ మాత్రం ఖాళీ కవర్లకు ఖర్చవుతుంది. గోప్యత, పొదుపు ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి.

గుర్తించకుండా నడపడం

ఇంకో ఆలోచన కూడా ఉంది, నాకు నచ్చినది అదే: ఏది ఏమిటో తెలుసుకోకుండానే నడపడం. కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రకటించిన కోడెల్ పద్ధతి వరసలో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో మాత్రమే చూస్తుంది. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వచ్చింది. ఇది ప్రవాహాలను విడదీసి వంతులవారీగా పంపుతుంది, తక్కువ వాడే ప్రవాహానికి త్వరగా దారిస్తుంది. కాల్ సహజంగానే తక్కువ వాడుతుంది కాబట్టి దాని పేరు తెలియకపోయినా ముందుకెళుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్న ఇంటి రౌటర్లలో ఇదే కుటుంబానికి చెందిన ‘కేక్’ను వాడుకోవచ్చు. వేగాన్ని అసలు లైను కన్నా కాస్త తక్కువకు పెట్టాలి, లేకపోతే వరస మీ రౌటర్‌లో కాక కంపెనీ యంత్రంలో పేరుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ పెడితే మాత్రం దాని ట్రాఫిక్ అంతా ఒకే ప్రవాహంగా కనిపించి ఈ ఏర్పాటు సగం పనిచేయదు.

రద్దీ సంకేతం రెండు బిట్లు ఎన్‌క్రిప్షన్ బయట ఉన్నాయని పైన చెప్పుకున్నాం. వాటిని ఆధారం చేసుకున్న ఎల్4ఎస్ పద్ధతి 2023 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీలుగా వెలువడింది. రౌటర్ ప్యాకెట్‌ను పారేయకుండా, వరస పెరుగుతోందని ముద్ర వేస్తుంది. పంపేవాడు అది తెలుసుకుని వెంటనే తగ్గుతాడు. అమెరికాలో కామ్‌కాస్ట్ 2025 జనవరిలో దీన్ని వినియోగదారులకు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఈ మార్పులన్నిటితో అధికారం కూడా చేతులు మారింది. ఇంటర్నెట్ కంపెనీ తన దగ్గర వీడియో దాచుకోవడం ఎన్‌క్రిప్షన్‌తో ఆగిపోయింది. దాని బదులు నెట్‌ఫ్లిక్స్, గూగుల్ తమ పెట్టెలనే ఇంటర్నెట్ కంపెనీల గదుల్లో పెట్టిస్తున్నాయి. ఊళ్లలో చిన్న ఆపరేటర్‌కు దీనివల్ల బ్యాండ్‌విడ్త్ ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఎవరికి ఏ నాణ్యతలో వీడియో ఇవ్వాలన్నది ఆ పెట్టె యజమాని చేతిలో ఉంటుంది. భారీ ట్రాఫిక్ పంపే కంపెనీలు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని సీఓఏఐ కొన్నేళ్లుగా చేస్తున్న డిమాండ్‌ను ఈ నేపథ్యంలో చూడాలి. గొట్టం ఒకరిది, కుళాయి మరొకరిది అయిపోయింది.

చట్టం సంగతికొస్తే, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటా ధరల్లో వివక్షను నిషేధించింది. 2017 నవంబర్‌లో చేసిన నెట్ న్యూట్రాలిటీ సిఫార్సులను 2018 జూలైలో కేంద్రం ఆమోదించింది. కంటెంట్‌ను బట్టి ఆపడం, నెమ్మది చేయడం, ముందుకు తోయడం కుదరదు. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణ చేయవచ్చు, అయితే అది అవసరానికి తగినంతే, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలి. ప్రత్యేక సేవలకు, పైన చెప్పిన పెట్టెల వంటి కంటెంట్ పంపిణీ వ్యవస్థలకు మినహాయింపు ఉంది. ఆచరణను గమనించడానికి పలు వర్గాలతో కూడిన సంఘం ఉండాలని 2020 సెప్టెంబర్‌లో ట్రాయ్ మళ్లీ సిఫార్సు చేసింది. ‘నెట్‌వర్క్‌ను కాపాడాలంటే లోపలికి చూడాల్సిందే’ అనే వాదన మన దగ్గర అప్పుడప్పుడూ వినిపిస్తుంది. పైన చెప్పిన పద్ధతుల్లో చాలావాటికి లోపలికి చూడాల్సిన పని లేదు కాబట్టి, ఆ వాదన చేసేవారు ఏ రద్దీ కోసం ఏం చూడాలో విడిగా చెప్పాలి.

ఐఈటీఎఫ్‌లో ఇప్పుడు ‘స్కోన్’ అనే బృందం ఇంకో దారి వెతుకుతోంది. క్విక్ ప్రవాహంలోనే నెట్‌వర్క్ ఒక చిన్న సూచన చేరుస్తుంది: ఈ లైను మీద ఇంత వేగానికి మించి ఆశించవద్దు అని. విప్పాల్సిన పని లేదు, దొంగచాటుగా కోయాల్సిన పని లేదు. యాప్ ఆ సూచన చదివి వీడియో నాణ్యతను తానే సర్దుకుంటుంది, లేదా పట్టించుకోదు. ఆ అంకె ఎంత ఉండాలో మాత్రం టెలికాం కంపెనీయే రాస్తుంది. టవర్ నిజంగా నిండినందుకు రాసిందా, చవక ప్లాన్ అయినందుకు రాసిందా, కేవలం వీడియో అయినందుకు రాసిందా అన్నది ఆ అంకెలో ఉండదు. 2018 నిబంధనల ప్రకారం చూస్తే మొదటిది నిర్వహణ, రెండోది వ్యాపారం, మూడోది వివక్ష కిందికి రావచ్చు.